అబ్బాయి రాడార్ అంటున్నాడు, నేను ఏఐ కోర్సుకి అడ్వాన్స్ కట్టేశాను

ప్రశ్న: మావాడు ఈసీఈ మూడో సంవత్సరం. సిటీ రోడ్ల మీద మనుషుల్ని, బండ్లని రాడార్‌తో గుర్తుపట్టే ప్రాజెక్టు చేస్తానంటున్నాడు. ఫ్రెండ్సంతా ఏఐ కోర్సుల్లో చేరారు, నేనూ వాణ్ని అడక్కుండానే ఒక మూడు నెలల ఏఐ కోర్సుకి అడ్వాన్స్ కట్టేశాను. రెండిట్లో ఏది మంచిది సార్? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఈ ప్రశ్న నాకు ఏటా వస్తూనే ఉంటుందండీ. మీ భయమల్లా వాడు ఖాళీగా ఉండిపోతాడేమోనని. ఉండడు, ముందు ఆ టెన్షన్ వదిలేయండి.

అసలు వాడేం చేస్తానంటున్నాడో ఒక్కసారైనా కూర్చుని విన్నారా? నా దగ్గరికొచ్చే ఒక కుర్రాడు 77 గిగాహెర్ట్జ్ చిన్న రాడార్ బోర్డును అపార్ట్‌మెంట్ ముందు పెట్టి చూపించాడు. రోడ్డు మీద పోతున్నది ఒక్క స్కూటీ, స్క్రీన్ మీద రెండు చుక్కలు, అందులో ఒకటి ఎదురింటి గోడ లోపల పోతోంది! రాడార్ తను వదిలిన సిగ్నల్ తిరిగి రావడానికి పట్టే టైమును బట్టి దూరం లెక్కేస్తుంది. ఇక్కడ సిగ్నల్ గోడకు కూడా తగిలి 20 మీటర్లు ఎక్కువ తిరిగొచ్చింది, రానూపోనూ లెక్క కాబట్టి రాడార్ ఆ బండిని 10 మీటర్లు అవతల చూపించింది. కదలని వాటిని తీసేస్తే పోతుందనుకుంటే, ఆ దొంగ చుక్కా కదులుతోందాయె. ఇంకోటి, ఇనప గేటు పక్కన నిలబడ్డ వాచ్‌మన్ అసలు కనిపించనే లేదు, ఎందుకంటే ఇంతకంటే గట్టి సిగ్నల్ వస్తేనే అక్కడ ఏదో ఉన్నట్టు అని రాడార్ ఒక హద్దు పెట్టుకుంటుంది, చుట్టూ ఎంత గట్టిగా సిగ్నల్ వస్తే ఆ హద్దును అంత పైకి జరుపుకుంటుంది, ఆ గేటు ముందు మనిషి సిగ్నల్ ఏపాటిది. ఇలా దొంగ చుక్కల నుంచి, గేట్ల సిగ్నల్ నుంచి అసలు మనుషుల్ని, బండ్లని విడదీయడం నేర్చుకున్న పిల్లాడికి ప్రాబబిలిటీ, ప్రోగ్రామింగ్ రెండూ ఒంటబడతాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కావాలన్నా ఎక్కడికీ పోదు.

ఏఐ వద్దనను, రాడార్‌లోనూ వాడుతున్నారు. నా అనుమానమంతా మూడు నెలల కోర్సుల మీదే. ఒక వీధి డేటాతో నేర్పిన మోడల్ గోడలు, గేట్లు మారిన ఇంకో వీధిలో తడబడుతుంది, ఎందుకు తడబడిందో చెప్పడానికి సిగ్నల్ తెలిసినవాడే కావాలి, అది ఆ కోర్సుల్లో చెప్పరు.

ఉద్యోగాలంటారా, బెంగళూరులో డీఆర్‌డీవో వాళ్ల రాడార్ ల్యాబ్ ఎల్‌ఆర్‌డీఈ, ప్రభుత్వ కంపెనీ బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్), హైదరాబాద్‌లో డీఆర్‌డీవోదే ఎలక్ట్రానిక్ యుద్ధ పరికరాల ల్యాబ్ డీఎల్‌ఆర్‌ఎల్, ప్రైవేటు కంపెనీ ఆస్ట్రా మైక్రోవేవ్, ఇవి కాక కార్ల రాడార్లు చేసే కంపెనీలు ఉన్నాయి. కాకపోతే బీటెక్‌తోనే నేరుగా ఈ పనిలోకి వెళ్లడం కష్టం, గేట్ రాసి ఎంటెక్ చేసేదాకా మీరు ఓపిక పట్టాలి.

వాణ్ని అడక్కుండా ఆ అడ్వాన్స్ ఎలా కట్టారండీ? చదవాల్సింది వాడు కదా! రేపే ఫోన్ చేసి తిరిగిస్తారేమో కనుక్కోండి, ఇస్తే దానికి మరికొంత కలిపి వాడికో రాడార్ బోర్డు కొనిపెట్టండి.