చలి ముదరక ముందే కొండ చూసి రండి

కొరాపుట్,
ఆశ్వయుజ బహుళ పంచమి

చిరంజీవి చిన్నోడికి, కోడలికి పెద్దమ్మ దీవించి వ్రాయునది.

రాయగడ క్వార్టర్లో సామాను సర్దుకున్నామని, వెనకాల కాస్త దొడ్డి ఉందని, దేవమాలి కొండ మీద టెంటు వేసుకుని ఒక రాత్రి గడపాలని ఉందని మొన్న ఫోన్లో చెప్పావు. నాకు ఎంత సంతోషమేసిందో. పెళ్ళయి ఈ కొండలకి వచ్చి 34 ఏళ్ళయింది నాకు. ఏడాదంతా ఒక ఎత్తు, దసరా నుంచి కార్తీకం వెళ్ళేదాకా ఒక ఎత్తు. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందు ఆకాశం సంగతి. దసరాకి వానలు తగ్గుతాయి గానీ అప్పుడే నమ్మకు. మన వైపు పెద్ద తుఫాన్లు వచ్చేది ఈ రోజుల్లోనే. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ రెండూ అక్టోబర్ 12నే తీరం దాటాయి. 2018లో తిత్లీ అక్టోబర్ 11న పలాస దగ్గర దాటింది. సముద్రం మనకి దూరం కదా అనుకోవద్దు. తిత్లీ వానకి గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడి మనుషులు పోయారు. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట చెవిన పడితే, కట్టిన డబ్బులు పోయినా సరే, ప్రయాణం మానుకో.

నన్నడిగితే నాగులచవితి నుంచి కార్తీక పున్నమి దాకా ఉన్న రోజులు మంచివి. దారి ఆరి ఉంటుంది, గడ్డి ఇంకా పచ్చగా ఉంటుంది, వలిసెలు, అదే ఇక్కడి నూనెగింజల పైరు, పూసి ఉంటాయి. అంటే నీకింకా రెండు వారాలు టైముంది. ఈ రెండు వారాలూ దొడ్డి పని చెయ్యండి. ఇది నా గట్టి మాట. దొడ్డి ముందు, కొండ తర్వాత.

రేపే మొదలుపెట్టు. మట్టి తవ్వి, గడ్డల్లేకుండా చితక్కొట్టి, ఒక జానెడు ఎత్తున మడులు కట్టు. తుఫాను వాన వచ్చినా నీళ్ళు నిలవకూడదు. మెంతులు రాత్రంతా నానబెట్టి చల్లితే నాలుగో రోజుకి మొలక కనబడుతుంది. ధనియాలు మాత్రం అరచేత్తో నలిపి రెండు బద్దలు చేసి చల్లాలి, అవి పది రోజులు తీసుకుంటాయి. మొలవలేదని తవ్వి చూడొద్దని కోడలికి చెప్పు, నేను మొదటి ఏడు అదే పని చేశాను. ముల్లంగి విత్తనం ఎక్కడ మొక్క కావాలో అక్కడే వెయ్యాలి, పీకి నాటితే దుంప వంకరపోతుంది. క్యాబేజీకి, కాలీఫ్లవర్‌కి ఇప్పుడు నారు పోస్తే నెల పడుతుంది, కాబట్టి సంతలో నారు కొనుక్కో. చిక్కుడుకి ఈ ఏడు ఆలస్యమైపోయింది. పక్కింటివాళ్ళ పందిరి మీద ఇప్పుడు పూత చూస్తున్నావు కదా, అది వానాకాలం మొదట్లో పెట్టిన పాదు. పొద్దు కుదించుకుపోతేనే దానికి పూత. చామంతి కూడా అంతే. నీళ్ళు పొద్దున్నే పొయ్యి. సాయంత్రం పోస్తే, పైన మంచు కూడా కురిసి, తెల్లార్లూ ఆకు తడిగా ఉండి తెగులు పట్టుకుంటుంది. చిగుళ్ళకి పేనుబంక కనబడితే చల్లారిన కట్టెల బూడిద పల్చగా చల్లు.

దొడ్డి ముందు అని ఎందుకంటున్నానో చెప్తాను. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో, పొట్టంగి దారిలో వలిసెలు పూసిన కొండవాలు చూసి బస్సు ఆగగానే దిగి చేలోకి పరిగెత్తాను. కంటికి ఆనినంత మేర పసుపే. నడుము దాకా పూలు. మీ పెదనాన్నగారు ఫొటో తీశారు. వెనక్కి తిరిగితే చేను గట్టు మీద ఒక ముసలావిడ నిలబడి ఉంది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మేము బయటికి రాగానే లోపలికి వెళ్ళి, నేను తొక్కిన దారమ్మట ఒంగిపోయిన మొక్కల్ని ఒక్కొక్కటే లేపి నిలబెట్టడం మొదలుపెట్టింది. కొన్ని నిలబడ్డాయి, కొన్ని విరిగిపోయాయి. ఆ ఫొటో ఇంట్లో ఉంది గానీ నేను ఎవరికీ చూపించను.

వలిసె అంటే వాళ్ళకి ఏడాది వంట నూనె, అమ్ముకుంటే చేతిలో నాలుగు డబ్బులు. ఆ పువ్వు తన పుప్పొడితో తాను గింజ కట్టదు. తేనెటీగలు ఒక మొక్క మీంచి ఇంకో మొక్క మీదకి తిరిగితేనే గింజ. మనం చేలో నిలబడి గంటసేపు ఫొటోలు దిగితే మొక్కలు విరుగుతాయి, ఈగలు కూడా లేచిపోతాయి. ఇప్పుడు కార్లలో వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు, చూస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. నువ్వు గట్టు దిగొద్దు. నీ దొడ్లో పది రోజులు ఎదురుచూసి మొలిపించిన కొత్తిమీర మడిని ఎవరైనా తొక్కితే ఎలా ఉంటుందో అప్పటికి నీకు తెలిసి ఉంటుంది. ఆ తెలివితో కొండకి వెళ్ళాలని నా కోరిక. మనం సరదాగా వెళ్ళే రోజులు వాళ్ళకి చోళ్ళు (రాగులు), సామలు కోసుకునే రోజులు. దారిలో కంకులు ఆరబోసి ఉంటే పక్కనుంచి నడవండి, బండి ఎక్కించొద్దు. ఎవరైనా ఎదురైతే ‘జుహార్’ అనండి, ఇక్కడి పలకరింపు అదే. ‘మండియా పేజ్’ ఇస్తే వద్దనకుండా తాగండి, అది మన చోడి అంబలే.

నడక అలవాటు కావడానికి ఈ రెండు ఆదివారాలూ మజ్జిగౌరమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని హాతీపథర్ వెళ్ళి రండి. నాగావళి ఒడ్డున ఏనుగుల్లాంటి ఆ బండలు చూడదగ్గవి. నాచు మీద జాగ్రత్త.

ఇక దేవమాలి. ఎత్తు 1672 మీటర్లు, ఒడిశాలో అంతకన్నా పెద్ద కొండ లేదు. రైల్లో వస్తే కొరాపుట్‌లో మా ఇంటికి వచ్చి, ఇక్కడినుంచి సిమిలిగుడ మీదుగా వెళ్ళండి. అరకు లైన్లో శిమిలిగుడ అని ఒక స్టేషన్ ఉంది, అది ఆంధ్రాలోది, ఈ ఊరు కాదు. పేరు చూసి అక్కడ దిగేరు. దేవమాలి పైదాకా రోడ్డు ఉంది. అయినా కింద ఊళ్ళో బండి ఆపి, చీకటితోనే లేచి నడిచి ఎక్కండి. ఆ ఊరి కుర్రాణ్ణి ఒకణ్ణి తోడు తీసుకుని, బేరమాడకుండా రోజు కూలి ఇవ్వు. రాత్రి ఉండాలంటే ఎక్కడ ఉండొచ్చో అటవీశాఖ వాళ్ళని, ఊరి పెద్దల్ని అడిగి తెలుసుకున్నాకే టెంటు విప్పు.

చలి సంగతి తేలిగ్గా తీసుకోకు. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. రాయగడకీ శిఖరానికీ 1400 మీటర్లకి పైగా తేడా. అంటే మీ ఇంట్లో కన్నా 8, 9 డిగ్రీలు తక్కువ, దాని మీద గాలి. ఒకసారి మీ పెదనాన్నగారూ నేనూ గాలి తగలదని వాగు పక్కన పల్లంలో పడుకున్నాం. చల్లగాలి బరువు, రాత్రయ్యేసరికి కొండ మీంచి జారి పల్లంలోకే దిగుతుందని మాకు తెలీదు. తెల్లారేసరికి దుప్పట్లు పిండితే నీళ్ళు. కాబట్టి పల్లమూ వద్దు, నెత్తి మీదా వద్దు. వాలు మధ్యలో చదునుగా ఉన్నచోట, తూర్పు ముఖంగా వేసుకో, పొద్దున్నే ఎండ తగులుతుంది. కింద బరకం పరిచి దాని అంచులు టెంటు కిందకి మడిచెయ్యి. పైన గాలి ఆడేలా చిన్న కిటికీ తెరిచే ఉంచు. లేకపోతే మీ ఊపిరి ఆవిరే లోపల చుక్కలై కారుతుంది. జీన్సు ప్యాంట్లు తడిస్తే ఆరవు, ఉన్ని బట్టలు తెచ్చుకోండి. పొయ్యి గానీ నిప్పు కుంపటి గానీ టెంటు లోపల పెట్టొద్దు, ఆ గాలి ప్రాణం తీస్తుంది. బయట ఎండుగడ్డిలో మంట అసలే వద్దు.

జిప్పు ఎప్పుడూ వేసే ఉంచాలి. కట్లపాము రాత్రుళ్ళు నేల మీద పక్కల్లోకి దూరుతుంది, కరిచినా నొప్పి తెలీదు. అనుమానం వస్తే కట్లు, నాటుమందులు అని కాలయాపన చెయ్యకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పరిగెత్తడమే.

ఇంకొకటి, చాలామందికి తెలియనిది. ఈ కాలంలో గడ్డిలో ఉండే, కంటికి ఆనీ ఆనని చిన్న పురుగులు కుట్టి స్క్రబ్ టైఫస్ జ్వరం వస్తుంది. గడ్డి మీద బట్టలు ఆరెయ్యొద్దు, పడుకోవద్దు. ప్యాంటు మేజోళ్ళలోకి దోపుకోండి. తిరిగొచ్చిన వారం పది రోజులకి జ్వరం వస్తే, చంకలు, గజ్జలు, నడుము దగ్గర కాలిన మచ్చలాంటి నల్ల పెచ్చు ఉందేమో చూసుకోండి. ఉన్నా లేకపోయినా కొండకి వెళ్ళొచ్చామని డాక్టరుకి చెప్పండి. మలేరియా పరీక్ష కూడా చేయించాలి. ముందే గుర్తిస్తే మామూలు మందులకే తగ్గుతుంది, ఆలస్యమైతేనే ప్రమాదం. టెన్షన్ పెట్టాలని కాదు, మన వీధిలో ఒకమ్మాయికి ఉత్త వైరల్ జ్వరమని వారం గడిపేశారు, ఆ తర్వాత నెల్లాళ్ళు మంచం దిగలేదు.

చవితి నాడు వెళ్తే చంద్రుడు పెందలాడే దిగిపోతాడు. అప్పుడు తూర్పు వైపు చూడండి. చిన్న చిన్న చుక్కలు గుంపుగా, పిల్లలకోడి కనబడుతుంది. అవే కృత్తికలు, కార్తీకానికి ఆ పేరు వచ్చింది వాటివల్లే. ఫోన్ లైట్లన్నీ ఆర్పేసి పావుగంట కూర్చుంటే గానీ కన్ను చీకటికి అలవాటు పడదు.

బరకం కొనకండి, మా ఇంట్లో రెండున్నాయి. ఉన్ని రగ్గులు కూడా ఉతికి ఎండబెట్టాను. దిగి వచ్చిన మర్నాడు మా పెరట్లో ఉసిరిచెట్టు కింద వనభోజనం పెట్టుకుందాం. మీ దొడ్లో మెంతికూర అప్పటికి వేలెడు ఎదుగుతుంది, ఒక గుప్పెడు కోసుకు రమ్మని కోడలితో చెప్పు, పప్పులో వేస్తాను. ఏ రైలుకి వస్తున్నారో ముందే ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ