నెగటివ్ వచ్చిన రక్తాన్ని పక్కన పెట్టేయవచ్చా?

రక్తంలో మందులున్నాయేమో చూసే ఇమ్యునోఅస్సేలో (యాంటీబాడీతో చేసే తొలి పరీక్ష) పాజిటివ్ వచ్చిన శాంపిళ్లను ఎలాగూ ఎల్‌సీ-ఎంఎస్‌లో (అణువులను విడదీసి, ద్రవ్యరాశిని బట్టి గుర్తించే యంత్రం) నిర్ధారిస్తాం, మరి నెగటివ్‌లను వదిలేయవచ్చా అని అడిగారు. వదలొద్దు. పాజిటివ్ తప్పయితే రెండో పరీక్షలో బయటపడుతుంది. నెగటివ్ తప్పయితే దాన్ని మళ్లీ తెరిచి చూసేవాళ్లే ఉండరు.

నేను ల్యాబ్‌లో చేరిన కొత్తలో, ఊపిరి మందగించి కంటిపాపలు సూదిమొనల్లా అయిపోయిన ఒక రోగి రక్తం వచ్చింది. ఓపియేట్ ఎలీసా (మార్ఫిన్ లాంటి మందులను వెతికే ఇమ్యునోఅస్సే) చేశాను, నెగటివ్. "ఓపియేట్లు లేవు" అని రాసేశాను. మా సీనియర్ మేడమ్ సంతకం పెట్టకుండా, "ఆ యాంటీబాడీని దేనికోసం తయారుచేశారు?" అని అడిగారు. మార్ఫిన్ కోసం. అదే ప్రభావం చూపే ఫెంటనిల్ అణువుకు మార్ఫిన్ పోలిక లేదు, అందుకే ఆ యాంటీబాడీ దాన్ని పట్టదు. ట్రమడాల్, మెథడోన్ కూడా అలాగే తప్పించుకుంటాయి. పైగా ఫెంటనిల్ రక్తంలో మిల్లీలీటరుకు కొద్ది నానోగ్రాములే ఉంటుంది. అదే ట్యూబు ఎల్‌సీ-ఎంఎస్-ఎంఎస్‌లో (ద్రవ్యరాశిని రెండు దశల్లో చూసే ఎల్‌సీ-ఎంఎస్) పెడితే ఫెంటనిల్ కనబడింది. ఆ రిపోర్టు అలాగే వెళ్లిపోయి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అలాగని ఎల్‌సీ-ఎంఎస్-ఎంఎస్ అన్నీ చూస్తుందనుకోకండి. ఎంఆర్‌ఎం పద్ధతిలో మీరు జాబితాలో పెట్టిన మందులనే వెతుకుతుంది. కొత్త మందులు వచ్చే చోట క్యూటాఫ్ (క్యూ-టీఓఎఫ్, మరో రకం మాస్ స్పెక్ట్రోమీటర్) ఉంటే మంచిది. అది ద్రవ్యరాశులన్నీ నమోదు చేసి ఉంచుతుంది కాబట్టి, ఆర్నెల్ల తర్వాత కొత్త పేరు తెలిసినా పాత డేటాలోనే వెతకవచ్చు.

యంత్రం కన్నా ముందు శాంపిల్ తయారీ చూసుకోండి. నేను 0.2 మిల్లీలీటర్ల రక్తంలో ముందుగా డ్యుటీరియం (భారీ హైడ్రోజన్) ఉన్న ఇంటర్నల్ స్టాండర్డ్ (తెలిసిన కొలతలో కలిపే, మందులాంటిదే అయిన పోలిక పదార్థం) కలుపుతాను. ఆ తర్వాత దాన్ని మూడింతల చల్లటి అసిటోనైట్రైల్‌లోకి (ప్రోటీన్‌ను వేరుచేసే ద్రావకం), వోర్టెక్స్ (ట్యూబును గిరగిరా కదిపే యంత్రం) మీద తిప్పుతూనే, చుక్కచుక్కగా వదులుతాను. ఒక్కసారే పోస్తే ప్రోటీన్ ముద్దకట్టి మందు లోపలే చిక్కుకుంటుంది. అలా చేసినా ఫాస్ఫోలిపిడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వులు) మిగిలి సిగ్నల్‌ను అణచేస్తాయి. ఇంటర్నల్ స్టాండర్డ్ పీక్ (గ్రాఫ్‌లో దాని శిఖరం) బాగా పడిపోయిన ఇంజెక్షన్‌లో మందు పీక్ లేదని నెగటివ్ రాయకండి, మళ్లీ ఎక్స్‌ట్రాక్ట్ చేయండి. పాజిటివ్ అనాలంటే రిటెన్షన్ టైమ్‌తో (మందు యంత్రంలోంచి బయటికొచ్చే సమయం) పాటు రెండు ట్రాన్సిషన్ల (అణువు, దాని ముక్క కలిసిన జతలు) నిష్పత్తీ ఆ మందు అసలు స్టాండర్డ్‌తో సరిపోవాలి.

కొకైన్ అనుమానం ఉంటే సోడియం ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబులోనే రక్తం తీయించండి. లేదంటే ప్లాస్మాలోని ఎంజైములు ట్యూబులోనే దాన్ని విరిచేస్తాయి.

ఇప్పుడు నేను "మందులు లేవు" అని ఎప్పుడూ రాయను. ఏయే మందుల కోసం, ఏ కటాఫ్ (గుర్తించగల కనీస స్థాయి) దగ్గర చూశామో రాసి, "వీటిలో ఏదీ కనబడలేదు" అంటాను. క్లినికల్ లక్షణాలు, ఫలితం పొసగకపోతే డాక్టరుకు ఫోన్ చేసి, రోగి ఇంకేం వాడారో కనుక్కుంటాను.