అప్పజెప్పిన పనిని వెనకాలే వెళ్లి మళ్లీ చేయకండి

"ఇంట్లో ఎవరికి ఏ పని చెప్పినా సగం సగం చేస్తారు. చెప్పి చేయించుకునేకన్నా నేనే చేసుకుంటే త్వరగా అయిపోతుంది. ఏం చేయాలి?" అని అడిగారు. పన్నెండేళ్లు నేనూ ఇదే మాట అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు, ఆ ఒక్క పూటకి చూసుకుంటే నిజంగానే త్వరగా అయిపోతుంది. కాకపోతే రోజుకు 10 నిమిషాల పనంటే ఏడాదికి 60 గంటలు దాటుతుంది. ఒకరికి నేర్పడానికి రోజూ అరగంట చొప్పున పది రోజులు పోయినా 5 గంటలే. ఈ లెక్క నాకు తట్టింది చాలా ఆలస్యంగా. అదీ జారిపడి కుడి మణికట్టు విరిగి, ఆరు వారాలు సిమెంటు కట్టుతో కూర్చున్నప్పుడు.

అప్పుడు బట్టలుతికే పని మా ఆయనకు అప్పజెప్పాను. అప్పజెప్పాననే అనుకున్నాను. మొదటి వారమంతా మిషన్ దగ్గర నిలబడి ఒకటే కేకలు. ఇవి కలిపి వేయొచ్చా? పౌడర్ ఎంత? ఏ బటన్ నొక్కాలి? అయిపోయింది, ఇప్పుడు ఆరేయాలా? చేతులు ఆయనవి, బుర్ర నాది. "ఈరోజు బట్టలు వేయాలి" అని గుర్తుచేయాల్సిందీ నేనే. చేయి ఖాళీగా ఉంది కానీ టెన్షన్ మాత్రం ఏమీ తగ్గలేదు.

అల్లిసన్ డామింజర్ అనే సోషియాలజిస్ట్ 35 జంటలతో మాట్లాడి 2019లో ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు. ఇంటి పని వెనక నడిచే ఆలోచనను అందులో నాలుగు భాగాలు చేశారు: ఏం అవసరమవుతుందో ముందే పసిగట్టడం, దానికి ఏమేం దారులున్నాయో వెతకడం, ఏదో ఒకటి తేల్చుకోవడం, తర్వాత అది జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండటం. తేల్చుకోవడం దగ్గర ఇద్దరూ ఉంటున్నా, మొదటిదీ చివరిదీ మాత్రం ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతున్నాయని ఆమె గమనించారు. మీవారు "నువ్వు చెబితే చేస్తానుగా" అంటున్నారని రాశారు కదా, చిక్కంతా అక్కడే ఉంది. చెప్పడం కూడా ఒక పనే. అది మీ దగ్గరే ఉండిపోయింది.

అందుకని రెండో వారం మా ఆయనతో స్పష్టంగా అన్నాను. "బట్టల సంగతి ఇక మొత్తం మీదే. ఎప్పుడు వేస్తారో, పౌడర్ ఎప్పుడు తెస్తారో నన్నడగొద్దు. ఆదివారం రాత్రికి పిల్లల యూనిఫాంలు ఆరి ఉండాలి, అంతే." మూడో రోజే ఎర్ర చున్నీ ఒకటి తెల్ల చొక్కాలతో కలిసిపోయింది. చొక్కాలన్నీ లేత గులాబీ రంగులోకి తిరిగాయి. నాలుక చివరిదాకా వచ్చిన మాటను ఎలా మింగానో నాకే తెలుసు. లేచి వెళ్లి బాగుచేయనూ లేదు (కట్టు ఉండబట్టి సరిపోయింది, లేకపోతే ఆగేదాన్ని కాదు). తడి ఆరిపోతే రంగు పట్టేస్తుందని ఆయనే ఎక్కడో చదివి, ఆరేయకుండానే రెండుసార్లు మళ్లీ ఉతికారు. ఒక కాలర్ మీద తప్ప అంతా పోయింది. అప్పటినుంచి కొత్త బట్ట ఏదొచ్చినా అంచు తడిపి, తెల్ల గుడ్డతో రుద్ది, రంగు దిగుతోందేమో చూసి గానీ మిషన్లో వేయరు. అన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా అలా చూసింది లేదు.

మా అమ్మాయి విషయంలో మాత్రం తప్పు నాదే. టవల్స్ మడతపెట్టే పని దానికిచ్చాను. అది మడతలు కాకుండా చాపలా చుట్టి అరలో పెట్టేది. కట్టు విప్పాక రాత్రి అది పడుకున్న తర్వాత అవన్నీ విప్పి, నా పద్ధతిలో నాలుగు మడతలు వేసి సర్దేదాన్ని. ఒకరోజు పొద్దున్నే అర తెరిచి చూసి, "ఎలాగూ నువ్వు మళ్లీ చేస్తావుగా అమ్మా, నేనెందుకు చేయడం?" అంది. కోపంగా కూడా అనలేదు. మళ్లీ ఆ పనికి దాన్ని ఒప్పించడానికి రెండు నెలలు పట్టింది.

అయితే అన్నీ "వాళ్లిష్టం" అని వదిలేయకూడదు. అత్తయ్యగారి మందులు ఎవరిచ్చినా చీటీలో రాసినట్టే ఇవ్వాలి. బాత్రూమ్ కడిగే పని ఎవరికి అప్పజెప్పినా, బ్లీచింగ్‌ని యాసిడ్ క్లీనర్‌తో కలపొద్దని ముందే చెప్పాలి, విషవాయువు వస్తుంది. ఇలాంటివి ఎందుకో కూడా వివరించి, మొదటి రెండుసార్లు పక్కన నిలబడి చూస్తాను. టవల్ ఎలా మడిచారు, చీపురు ఏ మూల నుంచి మొదలుపెట్టారు లాంటివి ఎలా ఉన్నా కొంప మునగదు.

డబ్బిచ్చి పనిమనిషిని పెట్టుకోవాలా అనీ అడిగారు. వీలైతే పెట్టుకోండి, తప్పేముంది? ఏ పనులు, ఎన్ని రోజులు, సెలవు ఎలా అన్నది మొదటిరోజే మాట్లాడుకోండి. "ఈ ఒక్కటి కూడా చేసి వెళ్లమ్మా" అని రోజుకొకటి తగిలించొద్దు. కానీ ఇంట్లో వాళ్లకు చెప్పడం కష్టంగా ఉందని ఆమెను పెట్టుకుంటే, ఆమెకు చెప్పాల్సిందీ మళ్లీ మీరే అవుతారు.

మీరైతే ఒక్క పనితో మొదలుపెట్టండి. అది ఆలస్యమైతే ఇబ్బంది మొదట చేసేవాళ్లకే తగిలేలా చూసుకోండి. మా అబ్బాయికి వాడి స్కూలు బ్యాగు, బూట్లు అలాగే ఇచ్చాను. రెండుసార్లు మాసిన బూట్లతో వెళ్లాడు, మూడోసారి నేనేమీ అనకుండానే ముందురోజు రాత్రే తుడుచుకున్నాడు.

టవల్స్ ఇప్పటికీ చుట్టలుగానే ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఆ అరలో ఇప్పుడు ఇంకో నాలుగు ఎక్కువ పడుతున్నాయి. ఈ మాట మా అమ్మాయికి ఇంకా చెప్పలేదు.