చేను చుట్టూ కరెంటు తీగ: భూయజమాని బాధ్యత

ప్రశ్న: కల్యాణదుర్గం దగ్గర మా ఐదెకరాలు కౌలుకిచ్చాను. అడవి పందులు వేరుశనగను తవ్వేస్తున్నాయని కౌలురైతు రాత్రిళ్లు బోరు కరెంటును చుట్టూ కట్టిన తీగకు కలుపుతున్నాడని తెలిసింది. ఎవరికైనా ప్రమాదం జరిగితే నేనూ బాధ్యుణ్ణేనా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ప్రధాన బాధ్యత తీగకు కరెంటు కలిపినవారిదే. అయితే కనెక్షన్ మీ పేరున ఉండి, సంగతి తెలిసీ మీరు ఊరుకున్నారని తేలితే, దర్యాప్తు మీదాకా వస్తుంది. మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యానికి ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ప్రాణం పోతుందని తెలిసే ఆ పని చేశారని కోర్టు భావిస్తే, అంతకంటే కఠినమైన 105వ సెక్షన్ వర్తిస్తుంది. పంట నష్టపోయిన రైతు బాధ న్యాయమైనదే కానీ, చీకట్లో నీళ్లు కట్టడానికి వచ్చే పక్క చేని రైతుకు ఆ తీగ కనబడదు.

సేద్యానికిచ్చిన కరెంటును కంచెకు వాడటం 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ ప్రకారం చౌర్యమే. మూడేళ్ల వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ ఉంటాయి. పంది చచ్చినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు వేరు.

ముందుగా తీగను తీయించండి. కౌలురైతుకు రాతపూర్వకంగా తెలిపి, నకలు దగ్గర పెట్టుకోండి. వినకపోతే విద్యుత్ సిబ్బందికి ఫిర్యాదు చేయండి. అతను కంచె కావాలంటే, క్షణకాలపు విద్యుత్ తాకిడితో జంతువును బెదరగొట్టే ప్రామాణిక సోలార్ కంచెను హెచ్చరిక బోర్డులతో వేయించుకోవచ్చు.