ప్లేటు వేయించాలా, రాడ్ వేయించాలా?

ప్రశ్న: మా అమ్మకు 72 ఏళ్లు. స్నానాల గదిలో జారిపడడంతో మోకాలికి కాస్త పైన తొడ ఎముక విరిగింది. ప్లేటు వేయాలని ఒక డాక్టరుగారు, రాడ్ వేస్తే చాలని మరొకరు అంటున్నారు. అమ్మకు షుగరు ఉంది. ఏది మేలు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఇద్దరూ రెండు మాటలు చెప్పినంత మాత్రాన ఒకరిది తప్పని అనుకోనక్కర లేదు. ఈ రెండు పద్ధతులనూ పోల్చి చూసిన అధ్యయనాల్లో ఫలానాదే అందరికీ మంచిదని తేలలేదు. ఎముక ఎక్కడ, ఎన్ని ముక్కలుగా విరిగింది, ఆ విరుగు మోకీలులోకి దిగిందా లేదా అన్నవే నిర్ణయానికి ఆధారాలు.

రాడ్‌ను మోకాలి చిప్ప కింద చిన్న కోత పెట్టి, కీలులోంచి తొడ ఎముక లోపలి గొట్టంలోకి పైకి ఎక్కించి, రెండు చివర్లా అడ్డంగా స్క్రూలు బిగిస్తారు. అది ఎముక నడిమధ్యన ఉంటుంది కనుక శరీర బరువును ఎముకతో కలిసి మోస్తుంది. అయితే కింది ముక్క మరీ పొట్టిగా ఉంటే స్క్రూలకు పట్టు చిక్కదు. కొందరికి తర్వాత మోకాలి నొప్పి మిగులుతుంది.

ప్లేటును తొడకు బయటి వైపున అమరుస్తారు. ఇప్పుడు వాడే లాకింగ్ ప్లేట్లలో స్క్రూ తలకూ, ప్లేటు రంధ్రానికీ మరలు ఉండి ఒకదానిలో ఒకటి బిగుసుకుంటాయి కాబట్టి, వయసు మీద పడి గుల్లబారిన ఎముకలో కూడా పట్టు నిలుస్తుంది. కీలు ఉపరితలమే ముక్కలైతే ముందు వాటిని సరిగ్గా కూర్చాలి. అలాంటప్పుడు సాధారణంగా ప్లేటువైపే మొగ్గుతారు. ఎన్ని స్క్రూలు వేస్తే అంత గట్టి అని మా దగ్గరకు వచ్చేవారు తరచూ అంటుంటారు గానీ, బిగింపు మితిమీరితే విరిగిన చోట ఉండవలసిన కాస్త కదలిక కూడా లేకుండా పోయి, అతుకు ఆలస్యమవుతుంది, ఒక్కోసారి ప్లేటే విరుగుతుంది. ఎముక బాగా బలహీనంగా ఉన్నవారికి రాడ్, ప్లేటు రెండూ కలిపి వేయడమూ ఉంది.

విరుగు కీలులోకి దిగకుండా, కింది ముక్క తగినంత పొడవుగా ఉంటే మీ అమ్మగారికి నేనైతే రాడ్‌నే ఎంచుకుంటాను. సీటీ స్కాన్ తీయించి ఈ రెండు సంగతులనూ, ఆపరేషన్ తర్వాత ఎన్నాళ్లకు కాలు నేల మీద మోపనిస్తారన్నదీ ఇద్దరు డాక్టర్లనూ అడగండి. ఈ వయసులో మంచం పట్టడమే పెద్ద ప్రమాదం: పడకపుండ్లు, న్యుమోనియా, కాళ్లలో రక్తపు గడ్డలు అలాగే వస్తాయి. షుగరు అదుపులో లేకపోతే గాయం చీము పట్టవచ్చు కాబట్టి, దాన్ని ఆపరేషన్‌కు ముందే చూసుకోవాలి. చిన్న జారుడుకే ఎముక విరిగింది కనుక ఎముకల గుల్లదనానికీ చికిత్స మొదలుపెట్టమనండి.