కాలిఫోర్నియాలో పోలీసుల సర్టిఫికెట్ (పోలీసుగా పనిచేయడానికి ఉండాల్సిన అనుమతి) రద్దు చేయమని చెప్పే బోర్డులో ఎవరుంటారు?

మొత్తం 9 మంది ఉంటారు, అందులో పోలీసు అనుభవం ఉన్నోళ్లు ఇద్దరే, మిగతా 7 మందీ బయటి జనం. పోలీసుల తప్పుని పోలీసులే తేల్చుకుంటే ఎవరూ నమ్మరు కదా, అందుకే 2021 చట్టంలో ఇలా పెట్టారు, ఒక లాయర్ ఉండాలి, ఇంకో రెండు సీట్లకి పోలీసుల అన్యాయపు దెబ్బలకి బలైనవాళ్లకి, వాళ్ల కుటుంబాలకి ప్రాధాన్యం ఇవ్వాలి, నా దృష్టిలో ఇదే అసలు విషయం. సర్టిఫికెట్ రద్దుతో తేడా ఏంటంటే, తప్పుడు రిపోర్టు రాసి దొరికిన ఆఫీసర్ ఇదివరకు రిజైన్ చేసి పక్క ఊళ్లో చేరిపోగలిగేవాడు, ఇప్పుడు సర్టిఫికెట్ పోతే రాష్ట్రంలో ఎక్కడా పోలీసు ఉద్యోగం రాదు. ఈ బోర్డే ఉద్యోగం పీకేస్తుందని చాలామంది అనుకుంటారు, కాదండీ, ఇది సిఫార్సు మాత్రమే చేస్తుంది, రద్దు చేయాలంటే పోలీసు ట్రైనింగ్ ప్రమాణాలు చూసే పోస్ట్ కమిషన్‌లో మూడింట రెండొంతుల ఓట్లు పడాలి.