జావా కిట్లు ఏరే పని కెరీర్‌కు పనికొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది చదువుతోంది. రాత్రిళ్లు ఏదో లినక్స్ బృందంతో కలిసి ‘జావా కిట్లలో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి’ అని కూర్చుంటోంది. జీతం లేదు. ప్లేస్‌మెంట్లు దగ్గర పడుతున్నాయని నాకు టెన్షన్. మాన్పించి కోచింగ్‌లో చేర్పించమంటారా? – ఒక తండ్రి, పరకాల

జవాబు: మాన్పించకండి. మీ అమ్మాయి చేస్తున్నది కంపెనీల్లో జీతమిచ్చి చేయించే పనే.

జావా ప్రోగ్రాములు రాయడానికి, నడపడానికి కావలసిన సరంజామాను జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) అంటారు. మీ అమ్మాయి బృందం ఏరుతున్న ‘కిట్లు’ ఇవే. 2018 నుంచి ఆరు నెలలకో కొత్త వెర్షన్ వస్తోంది. వాటిలో 8, 11, 17, 21, 25 లాంటి కొన్నింటికే ఏళ్ల తరబడి సవరణలు అందుతాయి. ఆ సవరణలు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ నెలల్లో వస్తాయి. నాలుగు వెర్షన్లు ఉంచుకున్న బృందం ప్రతిసారీ నాలుగింటినీ మళ్లీ బిల్డ్ చేసి (కోడ్ నుంచి నడిచే ప్రోగ్రాముగా తయారుచేసి), పరీక్షించి, జనానికి అందించాలి. నీళ్లు పారేంత మేరకే నాటు వేస్తాం కదా, ఇదీ అంతే. 2025లో వచ్చిన ఫెడోరా 42 అనే లినక్స్ తన సొంత ప్యాకేజీల్లోంచి 8, 11, 17లను తీసేసి, అవి కావాల్సినవాళ్లకు బయటి బృందం తయారుచేసే టెమురిన్ అనే జేడీకేలను చూపించింది. ఉబుంటు 24.04 అనే మరో లినక్స్‌లో మాత్రం 8 కూడా దొరుకుతుంది. ఎంతమంది చేతులున్నాయి, వాడేవాళ్లు ఎవరు అన్నదాన్ని బట్టి రెండూ సరైన నిర్ణయాలే.

పాతదాన్ని తీసేస్తే ఏమవుతుందో చూడండి. జావా 8లో ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లతో పనిచేయించే జాక్స్‌బీ అనే భాగం లోపలే ఉండేది. 11లో దాన్ని తీసేశారు. దాని మీద ఆధారపడిన పాత ప్రోగ్రామును 11 మీద నడిపితే ‘క్లాస్ దొరకలేదు’ అంటూ ఆగిపోతుంది. మరోవైపు జావాలో వెబ్ ప్రోగ్రాములు కట్టడానికి వాడే స్ప్రింగ్ బూట్ 3కి కనీసం జావా 17 ఉండాల్సిందే. అందుకే పాత కోడ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చే పని కంపెనీల్లో ఇంకా సాగుతూనే ఉంది. ఆ చిక్కుముడిని చేత్తో విప్పిన ఫ్రెషర్లు అరుదు.

అయితే బిల్డ్ ఇంజినీర్, రిలీజ్ ఇంజినీర్ ఉద్యోగాలు నేరుగా ఫ్రెషర్లకు దొరకడం కష్టం. కాబట్టి కాలేజీకి వచ్చే సర్వీస్ కంపెనీల పరీక్షలు తప్పకుండా రాయాలి. ఆప్టిట్యూడ్‌కు రోజూ ఉదయం ఒక గంట కేటాయిస్తే చాలు, దానికోసం వేలకు వేలు పోయనక్కర్లేదు. బ్యాక్‌లాగ్‌లుంటే ముందు అవి క్లియర్ చేయాలి. సెమిస్టర్ పరీక్షలప్పుడు బృందానికి ముందే చెప్పి సెలవు తీసుకోమనండి, అక్కడ ఎవరూ తప్పు పట్టరు.

అమ్మాయికి నా మాటగా ఒకటి చెప్పండి. అన్నింట్లో తలా కాస్త వేలు పెట్టకుండా ఒక్క కిట్ తీసుకుని, వచ్చే భద్రతా సవరణను బిల్డ్ నుంచి విడుదల దాకా తానే చేయాలి. రెజ్యూమెలో ‘జావా వచ్చు’ అన్న ముక్క కంటే ఆ సవరణ (ప్యాచ్) లింక్ ఎక్కువ పలుకుతుంది. ‘8ని తీసేస్తే ఎవరికి ఇబ్బంది, వాళ్లకు దారేమిటి?’ అని ఈ రాత్రి భోజనాల దగ్గర మీరే అడగండి. మీకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పగలిగితే ఇంటర్వ్యూలోనూ చెప్పగలదు.